నష్టభయం ఎవరికి చెప్పారు? – పటాన్‌చెరు, పాశమైలారం నేపథ్యంలో వ్యాపారనీతి భాషపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఆధునిక వ్యాపారం తన నీతిని పత్రాల రూపంలో ప్రకటించుకుంటుంది. వాటాల విక్రయ పత్రం, స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే ప్రకటన, సామాజిక బాధ్యత నివేదిక, వాణిజ్య ప్రకటన – ఇవన్నీ ఎవరో ఒక పాఠకుణ్ణి ఉద్దేశించి రాసినవే. ఆ పాఠకుడు ఎవరన్న ప్రశ్నతో సంగారెడ్డి జిల్లా పారిశ్రామిక వలయానికి సంబంధించిన కొన్ని పత్రాలనూ, వాటి చుట్టూ తెలుగులో వాడుకలో ఉన్న పదజాలాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సొమ్ము పెట్టినవాడికి అపాయాన్ని తెలిపే భాష పెరిగినంతగా, ఒళ్ళు పెట్టినవాడికి తెలిపే భాష పెరగలేదన్నది ఇందులోని వాదం.

కీలకపదాలు: వ్యాపారనీతి, నష్టభయం, ప్రమాదం, పరిహారం, పటాన్‌చెరు, పాశమైలారం, నైతిక పెట్టుబడి.

1. ప్రవేశిక

బేరసారాల భాషను చదవడం తెలుగు విమర్శకు కొత్త కాదు. 1897లో తొలిసారి అచ్చయిన 'కన్యాశుల్కం' ఒక లావాదేవీ చుట్టూ తిరిగే నాటకం. అందులో నీతి మాట్లాడే నోరూ, బేరంలో లాభం చూసుకునే నోరూ పలుచోట్ల ఒకటే కావడాన్ని మన విమర్శకులు శతాబ్దానికి పైగా చర్చిస్తూనే ఉన్నారు. నేటి లావాదేవీలు అంతకంటే విస్తారమైన వచనంలో సాగుతున్నాయి. ఒక కంపెనీ ప్రజలకు వాటాలు అమ్మాలంటే వందల పేజీల పత్రం రాయాలి. ఏటేటా నివేదిక రాయాలి. కర్మాగారంలో పెద్ద సంఘటన ఏదైనా జరిగితే స్టాక్ ఎక్స్ఛేంజీకి లేఖ రాయాలి. వీటిలో కథనం ఉంది, అలంకారం ఉంది, మౌనం కూడా ఉంది. అయినా అదంతా వాణిజ్యశాస్త్ర విభాగం పని అని సాహిత్య విమర్శ పక్కకు తప్పుకుంది.

ఈ వ్యాసానికి క్షేత్రం హైదరాబాదుకు వాయవ్యంగా, ముంబయి రహదారి మీదా దానికి ఉత్తరానా పరచుకున్న పారిశ్రామిక వలయం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, కాజీపల్లి, గడ్డపోతారం – 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇవన్నీ మెదక్ జిల్లా ఊళ్ళు. 1970ల నుంచి ప్రభుత్వం ఇక్కడ పారిశ్రామికవాడలను పెంచుతూ వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు తయారీ విధానానికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వకపోవడం ఒక కారణం, బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో అనుభవం గడించిన నిపుణులు సొంత సంస్థలు పెట్టుకోవడం మరొక కారణం. ఈ రెండింటి కలయిక హైదరాబాదును ముడిమందుల కేంద్రంగా మార్చింది. ఆ సంపద బూటకం కాదు. లోకంలోని పేద రోగులకు చవక మందు అందడంలో ఈ వలయానికి ఉన్న పాత్రను తక్కువ చేసి చూపే విమర్శ న్యాయమైనదీ కాదు. ఇక్కడ అడుగుతున్నది వేరు: ఆ సంపదతో పాటే పుట్టిన అపాయాన్ని ఎవరు, ఎవరికి, ఏ భాషలో చెప్పారు?

2. మదుపరికి చెప్పిన అపాయం

వాటాల విక్రయ పత్రంలో 'రిస్క్ ఫ్యాక్టర్స్' అనే అధ్యాయం చట్టరీత్యా తప్పనిసరి. దీనికి తెలుగు వాణిజ్య పుటల్లో స్థిరపడిన మాట 'నష్టభయాలు'. తయారీ రంగ సంస్థ ఏది వాటాలు అమ్మకానికి పెట్టినా ఈ అధ్యాయంలో దాదాపు ఒకే బాణీ వినిపిస్తుంది. మంటలు చెలరేగవచ్చు, యంత్రాలు చెడిపోవచ్చు, అనుమతులు రద్దు కావచ్చు, కార్మికులు సమ్మెకు దిగవచ్చు. వీటిలో ఏది జరిగినా సంస్థ వ్యాపారంపైనా ఆదాయంపైనా ప్రతికూల ప్రభావం పడవచ్చు. పాత కావ్యాల్లో ఇష్టదేవతాస్తుతి లాగా, రచయిత ఎవరైనా ఈ భాగం నడక మారదు. ఆ వాక్యాన్ని విప్పి చూస్తే మంటలకు కర్త కనిపించడు. బాధితుడు మాత్రం స్పష్టంగా ఉన్నాడు. ఆ బాధితుడి పేరు ఆదాయం. సమ్మెకూ మంటకూ ఒకే విభక్తి, ఒకే స్థాయి. రెండూ లాభానికి వెలుపలి నుంచి వచ్చిపడే ఉపద్రవాలే.

'నష్టభయం' అన్న సమాసం ఇక్కడ అనుకోకుండానే నిజం చెబుతుంది. నష్టం వల్ల భయం కలగాలంటే ముందు పోగొట్టుకోవడానికి ఏదో చేతిలో ఉండాలి. కనుక ఆ భయం ఆస్తి ఉన్నవాడి భయం. కూలికి వచ్చినవాడి భయానికి ఆ మాట సరిపోదు.

చెప్పవలసిన మేలు కూడా ఉంది. 2017లో మొదలైన 'మ్యూచువల్ ఫండ్స్ సహీ హై' ప్రచారం పుణ్యమా అని, పెట్టుబడులు మార్కెట్ నష్టభయాలకు లోబడి ఉంటాయనీ, పత్రాలను జాగ్రత్తగా చదువుకోవాలనీ చెప్పే హెచ్చరిక తెలుగు ప్రేక్షకులకు దాదాపు కంఠతా వచ్చింది. దాన్ని ఊపిరి తీసుకోకుండా చదివే వేగం మీద హాస్యాలు పుట్టాయి. అయినా నెలకు 500 రూపాయలు పెట్టే తెలుగువాడికి తెలుగులోనే హెచ్చరిక వినిపిస్తున్నది. నియంత్రణ వ్యవస్థ పట్టుబట్టకపోతే ఏ ప్రకటనకర్తా తన సరుకు అమ్ముతూ తనే జాగ్రత్త చెప్పడు. అపాయాన్ని సామాన్యుడి భాషలో చెప్పించడం సాధ్యమేననడానికి ఇదే రుజువు.

2021 నవంబరులో సిగాచి ఇండస్ట్రీస్ అనే హైదరాబాదు సంస్థ తొలిసారి ప్రజలకు వాటాలు అమ్మింది. ఒక్కో వాటా 163 రూపాయలు. అమ్మకానికి పెట్టిన వాటాలకు దాదాపు నూరు రెట్ల దరఖాస్తులు వచ్చాయి. మార్కెట్లో నమోదైన తొలిరోజే ధర మూడు రెట్లు దాటింది. ఈ సంస్థ ప్రధానంగా తయారుచేసేది మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్: కలపగుజ్జు నుంచి తీసి, ఎండబెట్టి, మాత్రలకు రూపమివ్వడానికి వాడే తెల్లటి పొడి. అది మాత్రలోని మందు కాదు, మందును పట్టి ఉంచే పదార్థం. ఆ వాటాలకు ఎగబడినవారిని దురాశాపరులనడం సులభం. కానీ వారిలో జీతగాళ్ళూ చిరువ్యాపారులూ ఉండి ఉంటారు. వారు చదవవలసిన పత్రంలో పొడి ఉంది, ధర ఉంది, విస్తరణ ఉంది. పొడి ఆరబెట్టే యంత్రం దగ్గర నిలబడే మనిషి గురించి అడగవలసిన అవసరాన్ని ఆ సాహిత్య ప్రక్రియ కల్పించదు.

3. పాశమైలారం: రెండు చట్టాలు, ఇద్దరు పాఠకులు

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని ఆ సంస్థ కర్మాగారంలో పేలుడు జరిగింది. 46 మంది మృతి నిర్ధారణ కాగా, ఆచూకీ దొరకని 8 మందిని కూడా తరువాత మృతులుగానే లెక్కించడంతో ఆ సంఖ్య 54కు చేరింది. ఎందరినో డి.ఎన్.ఎ. పరీక్షలతోనే గుర్తించవలసి వచ్చింది. వారిలో పలువురు బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. కారణాలను, బాధ్యతను తేల్చవలసింది దర్యాప్తు, న్యాయస్థానం. విమర్శకుడి ముందున్నది పత్రం మాత్రమే.

సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపిన ప్రకటనల్లో సంతాపం ఉంది. దానితో పాటు కర్మాగారానికి బీమా ఉన్న సంగతీ, ఉత్పత్తి సుమారు 90 రోజులు నిలిచిపోనున్న సంగతీ ఉన్నాయి. శిథిలాలింకా తొలగించకముందే బీమా మాటేమిటని పాఠకుడికి అనిపించడం సహజం. కానీ దీన్ని రాసినవారి హృదయకాఠిన్యంగా చదివితే విమర్శ తేలికైపోతుంది. నమోదైన ప్రతి సంస్థా తన వ్యాపారాన్ని ప్రభావితం చేసే సంఘటనలను వెంటనే వెల్లడించాలని సెబీ నిబంధన. ఆ పత్రానికి పాఠకుడు మదుపరి. అతనికి తెలియవలసింది ఉత్పత్తి ఎన్నాళ్ళు ఆగుతుంది, నష్టాన్ని ఎవరు భరిస్తారు అన్నదే. ఆ రోజు వాటా ధర పది శాతానికి పైగా పడింది. ప్రకటన జవాబు చెబుతున్నది ఆ పతనానికి. అక్కడ వాక్యాన్ని రాసింది వ్యక్తి కంటే ఎక్కువగా ప్రక్రియే.

మన చట్టం ఇంకొక పాఠకుణ్ణి కూడా ఊహించిందన్నది తరచుగా మరుగున పడే విషయం. 1984 నాటి భోపాల్ విషాదం తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-బి సెక్షన్‌ను చేర్చారు. అపాయకరమైన ప్రక్రియలు నడిపే కర్మాగార యజమాని ఆ అపాయాలనూ, వాటిని ఎదుర్కొనే మార్గాలనూ కార్మికులకు, తనిఖీ అధికారికి, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల ప్రజలకు వెల్లడించాలన్నది దాని సారాంశం. అదే సవరణతో వచ్చిన 111-ఎ సెక్షన్ కార్మికుడికి ఆ సమాచారం అడిగి తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఈ బాధ్యత ఉంది.

ఈ రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ 'వెల్లడించు' అనే ఒకే క్రియాపదం మీద నిలబడ్డాయి. మొదటి నిబంధన ఒక సాహిత్యాన్నే సృష్టించింది. దానికి మర్చంట్ బ్యాంకర్లు, న్యాయవాదుల రూపంలో రచయితలున్నారు. సెబీ రూపంలో పరిష్కర్త ఉన్నాడు. రోజంతా వ్యాఖ్యానించే వాణిజ్య ఛానళ్ళున్నాయి. ఒక్క పేరా తప్పినా జరిమానా ఉంది. ఏ ఊళ్ళో కూర్చున్నవాడైనా ఆ పత్రాలను నిమిషంలో తెరిచి చదవవచ్చు. రెండో నిబంధనకు ఇలాంటి పాఠకలోకం ఏర్పడలేదు. విమర్శకుడు చేతిలోకి తీసుకుని, బాగుందనో బాగాలేదనో అనగలిగేంత రూపం దానికి రాలేదు. ఒడియాలోనో, హిందీలోనో, తెలుగులోనో ఒక పొడి గురించి, ఒక ఆవిరి గురించి కార్మికుడి కోసం రాసిన మంచి వచనం ఎలా ఉంటుందో మనకు నమూనా కూడా లేదు. నా దృష్టిలో వ్యాపారనీతి చర్చ మొదలుకావలసింది ఈ లేమి దగ్గర. దాతృత్వం, నిజాయితీ వంటి గుణాల పట్టిక దగ్గర కాదు.

4. ప్రమాదం, పరిహారం

తెలుగు పత్రికాభాష కూడా ఈ అసమానతలో పాలుపంచుకుంది. 'ప్రమాదం' సంస్కృతంలో అజాగ్రత్త, ఏమరుపాటు. అంటే మాటలోనే ఒక మనిషి ఉన్నాడు, అతడు చేయవలసిన పని ఉంది, దాన్ని అతడు చేయకపోవడం ఉంది. తెలుగు వాడుకలో అర్థం మెల్లగా జారి, ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగిపోయే దుర్ఘటనగా మారింది. 'ప్రమాదవశాత్తు' అన్న మాటను ఇప్పుడు 'ఎవరి తప్పూ లేకుండా' అన్న అర్థంలోనే వాడుతున్నాం. అర్థవిపరిణామం భాషలో సహజమే. అయితే ఈ మాట తన ధాతువుకు సరిగ్గా ఎదురు దిక్కుగా నడిచింది. ఇంగ్లీషులో రాసే విక్రయ పత్రంలో మంటలకు కర్త లేకపోవడమూ, తెలుగు వార్తలో ప్రమాదానికి కర్త లేకపోవడమూ వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరాయి.

'పరిహారం' మాట ఇంకా ఆసక్తికరం. పంచాంగ పరిభాషలో దోషం పేరు చెప్పకుండా పరిహారం చెప్పరు. ఏ దోషమో తేలిన తరువాతే దానికి తగిన శాంతి. పాశమైలారం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించినప్పుడు సంస్థ వాడిన మాట ఎక్స్‌గ్రేషియా. లాటిన్‌లో దాని అర్థం దయతో ఇచ్చేది. న్యాయపరిభాషలో బాధ్యతను అంగీకరించకుండా ఇచ్చేది. తెలుగు వార్తల్లో ఈ రెండూ తేడా లేకుండా 'పరిహారం' అయిపోయాయి. కోటి రూపాయలు చిన్న మొత్తం కాదు, కుటుంబాలకు దాని అవసరం గురించి వాదన అక్కర్లేదు. కానీ దయను పరిహారంగా అనువదించినప్పుడు, చెప్పని దోషం చెప్పినట్టే అయిపోయి పాఠకుడి మనసులో లెక్క సరిపోతుంది. ఇది అనువాదకుల బాధ్యత, కంపెనీది కాదు.

5. నీళ్ళు చెప్పని లెక్క

పేలుడు ఒక్క రోజు వార్త. ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు సాగిన వ్యర్థజలాల కథకు అలాంటి తేదీ లేదు. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు రోగులను చూస్తూనే ఉద్యమాన్ని నడిపారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది. ఆ వ్యాజ్యం హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. 27 ఏళ్ళు.

దీని పక్కన అదే మహానగరానికి చెందిన మరొక ఉదంతాన్ని ఉంచడం అవసరం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాస్తూ, లెక్కల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు నిజానికి లేదని ఒప్పుకున్నారు. అంతకు కొద్ది నెలల ముందే ఆ సంస్థ ఉత్తమ కార్పొరేట్ పాలనకు 'గోల్డెన్ పీకాక్' పురస్కారం అందుకుని ఉంది. లేఖ బయటపడిన కొద్ది రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం ఆ బోర్డును తొలగించి కొత్తదాన్ని నియమించింది. రెండు వ్యవహారాలూ చట్టం దృష్టిలో ఒకటి కావు. సత్యం విషయంలో ఒప్పుకోలు చేతిలో ఉంది, పటాన్‌చెరులో ప్రతి బావినీటికీ రుజువు కావాలి. ఆ తేడాను ఒప్పుకున్నా, అంకెలు కలుషితమైతే రోజుల్లోనూ, నీళ్ళు కలుషితమైతే దశాబ్దాల్లోనూ కదిలే వ్యవస్థకు ఎవరి నష్టం ముందుగా కనిపిస్తుందో చెప్పడానికి ఈ పోలిక చాలు. 'కలుషం' అన్న మాటకు మన నిఘంటువుల్లో మురికి, పాపం అని రెండర్థాలూ ఉన్నాయి. కంపెనీ లెక్కల విషయంలో రెండో అర్థం ఇంకా బతికే ఉంది.

నీటికి కూడా చివరకు ఒక అంకె దొరికింది. దాన్ని ఇచ్చినది స్వీడన్ శాస్త్రవేత్తల బృందం. పటాన్‌చెరులో సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. శుద్ధి అయిన తరువాతి నీళ్ళవి. రోజుకు దాదాపు 45 కిలోల మందు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడే మొత్తంతో సమానమని లెక్కగట్టారు. ఈ పోలికలోని వాక్చాతుర్యం గమనించదగినది. పటాన్‌చెరు రైతు వాడే కొలత అది కాదు. స్వీడన్ పౌరుడికి అర్థమయ్యే కొలత. అందుకే అది అక్కడ మదుపరుల దాకా వెళ్ళింది.

2016లో ఉత్తర ఐరోపాకు చెందిన నోర్డియా అనే ఆర్థిక సంస్థ, తాను వాటాలు కొన్న మందుల కంపెనీల సరఫరా గొలుసు ఎక్కడిదాకా వెళుతుందో తెలుసుకోవడానికి హైదరాబాదు, విశాఖపట్నం ప్రాంతాలపై ఒక నివేదిక తయారుచేయించింది. మన కంపెనీ పత్రాలతో పోలిస్తే అది మెరుగైన రచన: ఊళ్ళకు వెళ్ళింది, చెరువులను చూసింది, గ్రామస్థుల మాట విన్నది. అయినా పాఠకుడు మారలేదు. ఐరోపా పింఛను పొదుపరి మనస్సాక్షికీ పెట్టుబడికీ కలగగల ముప్పు గురించే అంతిమంగా దాని ఆందోళన. రైతు అందులో సాక్షి, చిరునామాదారు కాడు. నైతిక పెట్టుబడి అనే ఉద్యమానికి ఉన్న బలమూ పరిమితీ ఇక్కడే కలిసి కనిపిస్తాయి.

ఇంట్లోని పత్రం ఏమైందో కూడా చెప్పాలి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ హద్దులు లేవు. ముసాయిదాకూ తుది ప్రతికీ మధ్య పాఠభేదాలను పరిశీలించడం మన పరిష్కర్తలకు కొట్టినపిండి. ఈ ఒక్క పాఠభేదంపై తెలుగులో ఎంత తక్కువ చర్చ జరిగిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

సామాజిక బాధ్యత నివేదికల గురించి క్లుప్తంగా. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గడచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక పనులకు ఖర్చుచేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. ఇలాంటి నివేదికల్లో మంచినీటి పథకం ఫొటో తరచూ కనిపిస్తుంది: కుళాయి, స్టీలు బిందె, నవ్వుతున్న స్త్రీ, వెనుక కంపెనీ పేరు. పటాన్‌చెరు వ్యాజ్యం క్రమంలో బాధిత గ్రామాలకు మంచినీళ్ళు సరఫరా చేయాలని న్యాయస్థానం ఆదేశించిన చరిత్ర తెలిసినవారికి ఈ ఫొటో వేరుగా కనిపిస్తుంది. అవే నీళ్ళు తీర్పులో హక్కు, నివేదికలో కానుక. ఆ ఊరి బోరునీళ్ళు ఎందుకు పనికిరాకుండా పోయాయన్న వాక్యానికి ఆ పేజీలో చోటుండదు, ఎందుకంటే ఆ పేజీ 2 శాతం గురించి; ఆ ప్రశ్న మిగిలిన 98 శాతం గురించి.

6. పేరులేని ఊరు

వాణిజ్య ప్రకటనల నీతిని చర్చించేవారు సాధారణంగా అబద్ధపు వాగ్దానాల దగ్గర ఆగుతారు. ఈ వలయం చూపే సమస్య అది కాదు. ముడిమందుకు జనం చూసే ప్రకటనే ఉండదు. దాన్ని కొనేది మరో కంపెనీ. ఆ కంపెనీ మాత్ర చేసి, రేకులో పెట్టి, తన పేరుతో అమ్ముతుంది. రోగి చేతికి వచ్చే పెట్టె మీద ముడిమందు పుట్టిన ఊరి పేరు సాధారణంగా ఉండదు. గద్వాల చీరకూ పోచంపల్లి చీరకూ ఊరి పేరే ప్రకటన. పటాన్‌చెరు ముడిమందుకు ఊరి పేరు లేకపోవడమే మార్కెట్. అబద్ధం చెప్పని ప్రకటన కూడా ఒక ఊరిని దాచగలదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. మదుపరినీ కార్మికుణ్ణీ ఇలా రెండు జాతులుగా విడదీయడం పాతకాలపు ఆలోచన అనవచ్చు. 2015 ఆగస్టు నుంచి ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ తన నిధుల్లో కొంత భాగాన్ని స్టాక్ మార్కెట్ సూచీ ఫండ్లలో పెడుతోంది. అంటే భవిష్యనిధి ఖాతా ఉన్న ప్రతి కార్మికుడూ, తనకు తెలిసినా తెలియకపోయినా, ఎంతో కొంత మదుపరే. ఈ అభ్యంతరంలో బలం ఉంది. అయితే దాన్ని చివరిదాకా తీసుకుపోతే మన ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఒకే మనిషికి రెండు పత్రాలు అందాలి. వాటాల నిధి రూపంలో అతనికి రావలసిన హెచ్చరికను దేశం చట్టంతో, భాషతో, ప్రకటనలతో సిద్ధం చేసి ఉంచింది. అతడు నిలబడే యంత్రం గురించిన హెచ్చరికను అలా సిద్ధం చేయలేదు. పైగా భవిష్యనిధి ఖాతా అందని కాంట్రాక్టు కార్మికుడికి మొదటి పత్రమూ లేదు.

ఈ వలయంలో బాటసారిని ఉద్దేశించిన పత్రం ఒకటి లేకపోలేదు. 2003లో ప్రమాదకర వ్యర్థాల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల మేరకు అలాంటి పరిశ్రమలు తమ ప్రధాన ద్వారం బయట బోర్డు పెట్టి, లోపల వాడే ప్రమాదకర రసాయనాల స్వభావం, పరిమాణం, బయటికి వదిలే నీరు, గాలి వివరాలు చూపాలి. పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా షిఫ్టుకు వెళ్ళే కార్మికులు ఇలాంటి బోర్డుల ముందు నుంచే నడుస్తారు. వాటిలో రసాయనం పేరు ఉంటుంది, అంకె ఉంటుంది, అనుమతించిన హద్దు ఉంటుంది. పట్టిక కనుక క్రియాపదం ఉండదు. ఆ పదార్థం అంటుకుంటే ఏం చేయాలో, ఎటు పరుగెత్తాలో, ఎవరిని పిలవాలో చెప్పే వాక్యం ఆ నిలువు గీతలకూ అడ్డగీతలకూ మధ్య ఎక్కడా పట్టదు.